అద్దానికి అంటుకున్న ముఖం

ఒక మనిషి ముఖాన్ని నేను పోగొట్టాను. ఈ మాట ఇన్నేళ్ళుగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. నా భార్యకి కూడా చెప్పలేదు. పోలీసులు పట్టుకునే నేరం కాదు, కోర్టుకెక్కే తగాదా కాదు. అయినా ఎవరింట్లోనైనా దండ వేసిన ఫోటో కనబడితే తల తిప్పేసుకుంటాను. ఎందుకో మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగతా ఏదీ మార్చలేదు. నమ్మమని అడిగే హక్కు నాకు లేదని చదివాక మీకే తెలుస్తుంది.

అప్పట్లో రాజమండ్రి ఆర్యాపురంలో ఉండేవాణ్ణి. ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. అది పొట్టకూటికి. నా అసలు పని వేరే ఉందని నేననుకునేవాణ్ణి. కంప్యూటర్లో యుద్ధ విమానాలు నడిపే ఆటలుంటాయి. ఆట డిస్కులో కొన్ని విమానాలే వస్తాయి. మిగతావి మాలాంటివాళ్ళం ఇంట్లో కూర్చుని తయారుచేసి ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టేవాళ్ళం. వాటిని యాడ్-ఆన్‌లు అనేవాళ్ళం. ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ విమానం ఎలా ఉండేదో అచ్చంగా అలాగే ఉండాలి. రెక్క మీద రేకుల్ని బిగించే రివెట్ల వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి. శత్రువులైన జపాన్ వాళ్ళ విమానాల మీద ఎర్రటి బింబం ఉండేది కాబట్టి, పొరపాటు పడకుండా ఇటువైపు విమానాల గుర్తుల్లోంచి ఎరుపు తీసేసి రెండు రకాల నీలం వేశారు. ఆ రెండో నీలం ఎంత లేతగా ఉండాలన్న దాని మీద నేను ముక్కూ మొహం తెలియని వాళ్ళతో నెలల తరబడి వాదులాడాను. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఊరుకునేవాణ్ణి. రెక్క మీద ఆకుపచ్చ కాస్త ముదిరిందని ఎవరైనా అంటే మాత్రం అన్నం సహించేది కాదు.

తప్పు చెయ్యనివాణ్ణని నాకు గర్వం. అది ముందే చెప్పాలి. ఆ గర్వం లేకపోతే ఈ కథ లేదు.

ఆ రోజుల్లో వెంజెన్స్ అనే బాంబరు మీద పనిచేస్తున్నాను. నిట్టనిలువుగా కిందికి దూకి బాంబు వేసే రకం. ముందు నడిపేవాడు, వెనక తుపాకీ పట్టుకుని ఇంకొకడు. బర్మా సరిహద్దులో మనవాళ్ళు వాటిని నడిపారు. అమెరికా విమానాల గురించి, జర్మనీ విమానాల గురించి పుస్తకాలు కుప్పలుగా దొరుకుతాయి. మనవాళ్ళు నడిపినవాటికి ఫోటోలే తక్కువ. ఆ తక్కువలో ఒకటి నేను సంపాదిస్తే ఎంత పేరు! ఆ ఆశతోనే ఉన్నాను.

దానవాయిపేటలో ప్రసాద్ అనే అతనికి ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నేను చేసిన ఫైళ్ళు అక్కణ్ణుంచే పంపేవాణ్ణి. ఒకరోజు నా భుజం మీదుగా స్క్రీన్ చూసి, “మాస్టారూ, మా తాతగారు ఇలాంటిదాని పక్కనే నిలబడుంటారండి ఫోటోలో” అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. వచ్చే ఆదివారమే అతని వెంట వాళ్ళ ఊరెళ్ళాను. రావులపాలెం దగ్గర, గోదావరి పాయల మధ్య లంక ఊరు.

అక్కడ వాళ్ళమ్మగారు, సుభద్ర గారు. అరవై దగ్గర పడిన మనిషి. ఫోటోలో ఉన్నది ఆవిడ తండ్రి. యుద్ధంలో వెనక సీట్లో తుపాకీ పట్టుకునే ఉద్యోగం. ఒక్కసారి సెలవు మీద వచ్చి వెళ్ళాడు. ఈవిడ కడుపులో ఉండగానే పోయాడు. అస్థికలు రాలేదు, బట్టలు రాలేదు, కబురు మాత్రం వచ్చింది. పోకముందు భార్యకి పోస్టులో పంపిన ఆ ఫోటో తప్ప ఆయన రూపం భూమ్మీద ఎక్కడా లేదు. ఆ భార్యా పోయింది. అంటే ఆయన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఫోటో అరచేయంత ఉంటుంది. విమానం పక్కన నిలబడి, ఒక చెయ్యి దాని ఒంటి మీద వేసిన మనిషి. ముఖం చిటికెనవేలి గోరంత. ఏటా ఆయన పోయిన కబురొచ్చిన రోజున అద్దం మీద పెట్టిన బొట్లు కారి ఎండిపోయి ఉన్నాయి. అద్దం లోపల బూజు. ఎప్పుడో వరద ఇంట్లోకి వచ్చినప్పుడు తడిసిందట. అప్పట్నుంచీ అద్దానికి అంటుకుపోయిందట. ఆవిడ గోడ మీంచి తీసి, కొంగుతో తుడిచి, రెండు చేతులతో నాకిచ్చింది.

“తీసుకెళ్ళు బాబూ. అద్దం మాత్రం విప్పకు. ఫ్రేములు కట్టే ఆయన కూడా భయపడ్డాడు” అంది.

“విప్పనండి అమ్మగారూ” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను ఆయన ముఖం వైపు చూడటం లేదు. ఆయన భుజం వెనక, ఏ విమానం ఏదో గుర్తుపట్టడానికి దాని ఒంటి మీద రాసిన అక్షరం వైపు చూస్తున్నాను. ఆవిడ పెట్టిన కుంకుమ సరిగ్గా దాని మీదే కారింది.

ఇంటికొచ్చి చెక్క ఫ్రేము తీశాను. అద్దం విప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టాను. ఇప్పుడు చెప్పేది వినండి. నా కంప్యూటర్ పాతది. మొత్తం ఫోటోని చిన్న వివరం కూడా పోకుండా స్కాన్ చెయ్యాలంటే చాలా సేపు పట్టేది, మధ్యలో ఆగిపోయేది. అందుకని అవసరమైన భాగమే ఎంచుకుని స్కాన్ చేశాను. విమానం. మనిషిని గీత బయట వదిలేశాను. మౌస్‌తో ఆ గీత నేనే గీశాను. ఆ గీత ఇంకో రెండు వేళ్ళు పక్కకి జరిపి ఉంటే ఈరోజు ఇది రాసేవాణ్ణి కాదు.

స్కాన్‌లో అక్షరం తేలలేదు. కుంకుమ తుడిచినా లోపలి బూజు అడ్డం. ఫోరంలో, అంటే మా విమానాల పిచ్చివాళ్ళందరూ మాట్లాడుకునే చోట, ఒక పెద్దమనిషి ఆ విమానం మీద ఉండాల్సింది ఫలానా అక్షరమేనని తేల్చేశాడు. నేను కాదన్నాను. రుజువేదీ అన్నాడు. రుజువు నా బల్ల మీద ఉంది. ఒక అద్దం అడ్డం, అంతే.

మధ్యాహ్నం పూట, కిటికీ తెరిచి, మంచి వెలుతురులో ఆ పని చేశాను. తొందరపడలేదు. బ్లేడుతో ఒక మూల కొద్దిగా లేపాను. శుభ్రంగా వచ్చింది. ఇంకొంచెం లేపాను. విమానం తోక వచ్చింది, గుర్తు వచ్చింది, అక్షరం వచ్చింది. తరవాత ఎక్కడో బిగిసింది. ఆగాల్సింది. ఆగానా? పట్ అని చిన్న చప్పుడు. కాగితం నా చేతిలోకి వచ్చేసింది. టోపీ కింద, కాలరు పైన, తెల్లటి మచ్చ.

సిగ్గుపడుతూ చెప్తున్నాను. ముందు నేను అక్షరం చూశాను. నేను చెప్పిందే రైటు. ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. ఆ తరవాతే అద్దం తిరగేసి చూశాను.

ఆయన అద్దానికి అంటుకుని ఉన్నాడు. ముఖం మొత్తం. పల్చటి పొరలాగా, చెక్కు చెదరకుండా. అప్పుడు ఆ అద్దాన్ని అలాగే తీసుకెళ్ళి స్కానర్ మీద పెట్టి ఉంటే సరిపోయేది. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నన్ను నేను వందసార్లు అడిగాను. బుద్ధి పనిచెయ్యలేదు అనడం తేలిక. నిజం ఏంటంటే, ఎవరికీ తెలియకముందే దాన్ని మళ్ళీ కాగితం మీద అతికించేసి ఏమీ జరగనట్టు ఉండాలనుకున్నాను. పాత ఫోటోలు నీళ్ళలో నానబెడితే ఊడి వస్తాయని స్టూడియో వాళ్ళు అనగా విన్నాను. చన్నీళ్ళని వాళ్ళు చెప్పారో లేదో, నేను వినలేదో. త్వరగా ఊడుతుందని వేడినీళ్ళు పోశాను.

పాల మీద మీగడలా ముడతపడింది. ఒక కన్ను విడిగా కదిలింది. వేలు పెట్టాను, వేలికి జిగురు తగిలింది. చూస్తూండగానే నీళ్ళు కొద్దిగా మసకబారాయి. అద్దం ఖాళీ అయింది.

ఆ నీళ్ళు బాత్రూం తూములో పోసేశాను. మా ఇంటికి గోదావరి ఎంత దూరం? నడిచి వెళ్ళొచ్చు. అస్థికలు కలపడానికి ఎక్కడెక్కడినుంచో జనం మా ఊరొస్తారు. ఆయనకి అస్థికలు కూడా లేవు. ఆయనదంటూ మిగిలిన ఆ కాస్తనీ నేను తూములో పోశాను. రేవుకి తీసుకెళ్ళాలన్న ఆలోచన చాలా రోజుల తరవాత వచ్చింది.

అప్పుడే వెళ్ళి సుభద్ర గారి కాళ్ళ మీద పడి ఉండాల్సింది. తిట్టేది, ఏడ్చేది. కానీ ఆవిడకి నిజం మిగిలేది. నేనేం చేశాను? నాకు చేతనైన పని చేశాను. చిరిగిన కాగితాన్ని స్కాన్ చేశాను. ఈసారి మొత్తం. ఆ ఖాళీలో ముఖం పెట్టాలి. ఆయన ఎలా ఉండేవాడో గుర్తు తెచ్చుకోబోయాను. వారం రోజులు నా బల్ల మీద ఉన్న మనిషి. రాలేదు. మీసం సన్నగా ఉండేదని గుర్తు. అంతకుమించి ఏమీ లేదు. విమానం తోక మీద ఎన్ని రివెట్లో చెప్పగలను. ఆ ముఖాన్ని చూసిన ఆఖరివాణ్ణి నేను, దాన్ని చూడనే లేదు.

నీడల్ని బట్టి ఎండ ఎటునుంచి పడుతోందో లెక్కగట్టాను. అది నాకు బాగా వచ్చు. అదే ఎండ వేళకి డాబా ఎక్కి, టోపీ పెట్టుకుని, ఒక స్నేహితుడి కెమెరాతో నా ఫోటో నేనే తీసుకున్నాను. బుగ్గలు లోపలికి తీశాను, మీసం సన్నం చేశాను, మరకలూ బూజూ వేశాను. అతుకు కనబడకుండా చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు. పాత రంగు కాగితం మీద అచ్చు వేయించి, కొత్త అద్దం వేయించి, అదే ఫ్రేములో బిగించాను. అసలు కాగితాన్ని అట్టల మధ్య పెట్టి అలమరలో దాచాను.

ఇవ్వడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. సుభద్ర గారు ఫోటోని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు.

“నాన్న అటు కదా చూసేవారు, వీధివైపు” అన్నారు.

నేను జేబురుమాలు తీసి అద్దం మీద లేని మరకని తుడిచాను.

“చిన్నప్పుడు ఈ గోడకి ఆ పక్కనా ఈ పక్కనా నిలబడి చూసేదాన్ని బాబూ. ఎక్కడ నిలబడ్డా నా వైపు చూసేవారు కాదు. ఎవరికోసమో చూస్తున్నట్టుండేవారు. ఇప్పుడేంటి, నా వైపే చూస్తున్నారు?”

“మసక తుడిచానండి. అందుకే అలా కనిపిస్తోంది.”

“మసకా?”

“అవునండి. లోపల బూజు పట్టి కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు.”

ఆవిడ మళ్ళీ ఫోటో చూశారు. కళ్ళనిండా నీళ్ళు. “అయితే ఇన్నేళ్ళూ నా వైపే చూస్తున్నారన్నమాట. నేనే అనవసరంగా ఆయన మీద నిష్ఠూరపడ్డాను” అన్నారు.

ఈ ఒక్క మాట నన్ను తినేసింది. నేను నిజం చెప్పకపోవడానికి సాకు కూడా ఈ మాటే. ఆవిడ సంతోషంగా ఉంది కదా, ఎందుకు పాడుచెయ్యాలి? ఎంత బాగుంది చూడండి సాకు! ఆవిడ సంతోషం కోసమే మౌనంగా ఉన్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. నా పరువు కోసం అని ఎప్పుడూ అనుకోలేదు.

నేను చేసిన విమానాన్ని ఇంటర్నెట్‌లో విడుదల చేశాను. ఆయనకి అంకితం అని రాశాను. అసలు ఫోటో చూసి చేసిందని రాశాను. వెనక సీట్లో తుపాకీ పట్టుకున్న బొమ్మకి కూడా అదే ముఖం అతికించాను, చేతిలో సిద్ధంగా ఉంది కదా అని. మెచ్చుకోళ్ళు వచ్చాయి. అక్షరం మీద వాదించిన పెద్దమనిషి ఒప్పుకుని, వెనక కూర్చున్న మనిషి బతికున్నవాడిలా ఉన్నాడని రాశాడు. అది చదివాక నేను ఆ విమానాన్ని మళ్ళీ తెరవలేదు. ఇంకో విమానం చెయ్యనూ లేదు.

ప్రసాద్ చెప్తుండేవాడు. అమ్మ ఫోటోని తను పడుకునే మంచం ఎదురుగా పెట్టించుకుందట. పొద్దున్నే దానితో మాట్లాడుతుందట. వింటుంటే నా మెడ వెనక ఎవరో చూస్తున్నట్టుండేది. నా ముఖం మీద రోజూ ఒకావిడ చెయ్యి పెట్టి, నాన్నా అని పిలిచి, కష్టసుఖాలు చెప్పుకుంటోంది. నేను ఇక్కడ కాఫీ తాగుతున్నాను.

మరుసటి ఏడు పుష్కరాలు వచ్చాయి. ఎన్నడూ పిండం ముట్టని తండ్రికి ఈసారైనా పెట్టించాలని సుభద్ర గారు పట్టుబట్టారు. కొడుకుల్లేని ఆయనకి కూతురి కొడుకు ప్రసాదే పెట్టాలి. ఫోటో పెద్దది చేయించి ఇమ్మన్నాడు. కాదనడానికి కారణం ఏం చెప్పను? చేసిచ్చాను. ముఖం ఇప్పుడు అరచేయంత అయింది.

రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. కిందపెడితే తొక్కేస్తారని సుభద్ర గారు ఫోటోని నా చేతికిచ్చారు. “నీ చేత్తోనే బాగుచేశావు, నువ్వే పట్టుకో బాబూ” అన్నారు. దాని మీద గంధం, కుంకుమ, బంతిపూల దండ. బతికున్నవాడి ఫోటోకి దండ వేస్తే మా అమ్మ అరిచి గోల చేసేది. నేను నా ముఖాన్ని గుండెలకి ఆనించుకుని, దండతో సహా, నిలబడ్డాను. పంతులుగారు గోత్రం అడిగారు, పేరు అడిగారు. నువ్వులు, నీళ్ళు, పిండం. ఆ పిండం ఎవరికి వెళ్ళింది? పేరున్నాయనకా, ముఖమున్నవాడికా?

పని పూర్తయ్యాక పంతులుగారు తలెత్తి ఫోటో చూశారు. నన్ను చూశారు. “మీరు కూడా మనవలేనాండీ? పోలిక బాగా ఉంది” అన్నారు.

ప్రసాద్ నవ్వేసి, “కాదండీ, మా మాస్టారు” అన్నాడు.

సుభద్ర గారు నవ్వలేదు. నా వైపు చూశారు, ఫోటో వైపు చూశారు, మళ్ళీ నా వైపు. తడి కొంగు పిండుకుని మెట్లెక్కారు. ఆ చూపుకి అర్థం ఏంటి? తెలిసిపోయిందా? తెలిసీ ఊరుకున్నారా? ఆ తరవాత నేను వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కాస్త ఎక్కువసేపు నా ముఖం చూసేవారు. అన్నం పెట్టేవారు. అడుగుతారేమోనని భయపడేవాణ్ణి. అడిగితే బాగుండుననీ ఉండేది. ఎప్పుడూ అడగలేదు.

పోయినవారం ఆవిడ పోయారు.

నిన్న ప్రసాద్ వచ్చాడు. గుండు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. వాళ్ళమ్మ ఫోటో ఒకటి నా చేతిలో పెట్టాడు. తండ్రిని ఎప్పుడూ చూడని మనిషి కదా మాస్టారూ, పెద్దకర్మ నాటికి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఒక్క ఫోటోగా చేసిపెట్టండి, మీరైతేనే అతుకు కనబడదు అన్నాడు. సరేనన్నాను. అప్పుడు కూడా సరే అనే అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం కూర్చుని ఆవిడ ఫోటోని స్క్రీన్ నిండా పెద్దది చేశాను. అలవాటు కొద్దీ అంగుళం అంగుళం చూశాను, రెక్క మీద రివెట్లు చూసినట్టు. ఎడమ కనుబొమ కుడిదానికంటే కాస్త పైకి ఉంది. గెడ్డం మధ్య చిన్న నొక్కు. పై పెదవి పల్చన. చూస్తూండగా చెయ్యి ఆగిపోయింది. ఆ కనుబొమని నేను ఇంతకుముందు చూశాను. వేడినీళ్ళలో, ముడతపడేముందు.

ఆయన ముఖం ఆ ఇంట్లోనే ఉంది. ఫోటో ఇచ్చినప్పుడు నాకెదురుగా, రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ముఖం పోయాక కూడా ఉంది. ఆవిడని ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే, కనీసం ఆవిడ పోలికనైనా పెట్టి ఉండేవాణ్ణి. ఆధారాల కోసం దేశదేశాలు వెతికిన నేను డాబా ఎక్కి నా ఫోటో నేను తీసుకున్నాను. ఎంత కళ్ళు మూసుకుపోయిన వెధవని!

ఇప్పుడు ఆవిడ ముఖంలోంచి ఆయన్ని తయారుచెయ్యగలను. బాగా వస్తుంది. అతుకు కూడా కనబడదు. చెయ్యను. అది ఇంకో అబద్ధం, ఇంకాస్త అందమైన అబద్ధం, అంతే.

అలమరలోంచి అట్టలు తీశాను. ఆ అసలు కాగితం తీసి బల్ల మీద, ఆవిడ ఫోటో పక్కన పెట్టాను. విమానం ఉంది. దాని మీద వేసిన చెయ్యి ఉంది. టోపీ ఉంది, కాలరు ఉంది. మధ్యలో తెల్లటి మచ్చ. ఇది మీకు రాశాక ఊపిరి కాస్త లోతుగా అందుతోంది, అంతకుమించి ఏమీ మారలేదు. ఎవరూ నన్ను క్షమించలేదు, క్షమించాల్సిన మనిషి లేదు. సాయంత్రం ప్రసాద్ వస్తాడు. మాస్టారూ, తాతగారి ముఖం ఏదండీ అని అడుగుతాడు. కాగితాన్ని దాచకుండా అలాగే ఉంచాను.